వెలుతురు కరువు - ఐ.ఎస్.ఓ. అంకె: ఛాయాగ్రహణ చరిత్రలో ఒక అధ్యాయము

పాఠశాల వార్షికోత్సవమున రాత్రివేళ తీసిన ఫోటోను పెద్దదిగా చేసి చూచినచో, పగలు మైదానములో తీసిన ఫోటోకును దానికిని గల భేదము వెంటనే కనిపించును. పగటి చిత్రములో విద్యార్థి చొక్కా నున్నగా, తెల్లగా ఉండును. రాత్రి చిత్రములో అదే చొక్కాపై సన్నని ఇసుక చల్లినట్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలి రంగుల చుక్కలు కనిపించును. వెనుకనున్న నల్లని తెరపై ఆ చుక్కలు మరింత హెచ్చుగా ఉండును. కెమేరా ప్రతి చిత్రముతోపాటు కొన్ని వివరములను తానే నమోదుచేసికొనును. వానిని పరిశీలించినచో పగటి చిత్రమునకు ఎదురుగా ఐ.ఎస్.ఓ. 100 అనియు, రాత్రి చిత్రమునకు ఎదురుగా ఐ.ఎస్.ఓ. 6400 అనియు ఉండవచ్చును.

ఇది చూచినవారు ఒక సూత్రమును సులభముగా ఏర్పరచుకొందురు: ఐ.ఎస్.ఓ. పెంచినచో చిత్రము చెడును. ఈ మాటలో సగము మాత్రమే నిజము. చీకటిలో చిత్రము చెడుటకు మూలకారణము ఆ అంకె కాదు, కెమేరాలోనికి వచ్చిన వెలుతురు చాలకపోవుటయే. అంకె ఆ కొరతను బయటపెట్టుచున్నది, అంతే. ఇది విని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఆ అంకె ఎక్కడ పుట్టినది, దేనిని కొలుచుటకు పుట్టినది, నేడు దేనిని సూచించుచున్నది అను చరిత్రను తెలిసికొన్నచో ఈ సందేహము తీరును.

వెండి లవణముల కాలము

1839 ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరములో డాగెర్ అను ఫ్రెంచి చిత్రకారుని ఛాయాగ్రహణ పద్ధతి లోకమునకు వెల్లడి చేయబడెను. వెండి పూత గల రాగిరేకును అయొడీన్ ఆవిరికి పట్టి, దానిని కెమేరాలో నుంచి, వెలుతురు సోకనిచ్చెడివారు. ఆ రేకుకు వెలుతురును గ్రహించు శక్తి మిక్కిలి తక్కువ. మంచి ఎండలో సయితము కొన్ని నిమిషములపాటు కెమేరా మూత తెరచి ఉంచవలసి వచ్చెడిది. వీధిలో నడచువారు చిత్రములో పడెడివారు కారు. కదలక నిలిచిన భవనములు మాత్రమే పడెడివి.

1851లో ఆంగ్లేయుడైన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ కొలోడియన్ పద్ధతిని ప్రకటించెను. గాజు పలకపై కొలోడియన్ అను జిగురు ద్రవమును పోసి, వెండి నైట్రేటు ద్రావణములో ముంచి, ఆ తడి ఆరక ముందే చిత్రము తీసి, ఆరక ముందే కడుగవలెను. ఇది డాగెర్ రేకు కంటె చురుకైనది. సెకన్లలో పని జరిగెడిది. కాని ఛాయాగ్రాహకుడు ఎక్కడకు పోయినను చీకటి గుడారమును, రసాయనముల సీసాలను వెంట మోసికొని పోవలసినదే.

ఈ పద్ధతితో మన తెలుగునాటికి ఒక సంబంధము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము గుంటూరు మీదుగా పోయెను. దానిని చూచుటకు ఫ్రాన్సు నుండి జాన్‌సెన్ గుంటూరు వచ్చి, వర్ణపటదర్శినితో సూర్యుని అంచున లేచు జ్వాలలను పరిశీలించెను. అదే పట్టణములో మేజర్ టెన్నెంట్ నాయకత్వమున వచ్చిన బృందము తడి కొలోడియన్ పలకలపై గ్రహణ చిత్రములను తీసెను. సూర్యబింబము పూర్తిగా మరుగుపడు కాలము అచ్చట అయిదు నిమిషములకు కొంచెము పైమాట. ఆ కొద్దిసేపటిలోనే పలకలను సిద్ధముచేయుట, వెలుతురు సోకించుట, తీయుట అన్నియు జరుగవలెను. అంతటి దూరము వచ్చిన శాస్త్రజ్ఞునకు పలక ఎంత చురుకైనదను ప్రశ్న పుస్తకములోని ప్రశ్న కాదు. పలక మందమైనచో గ్రహణము దాటిపోవును.

1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ అను ఆంగ్ల వైద్యుడు కొలోడియన్‌కు బదులు జెలటిన్‌లో వెండి బ్రోమైడును కలిపి పొడిపలకలను తయారుచేయు విధానమును ప్రకటించెను. మొదట ఇవి మందముగనే పనిచేసినవి. 1878లో చార్లెస్ బెన్నెట్ ఆ జెలటిన్ మిశ్రమమును కొన్ని దినములు గోరువెచ్చగా నిలువ ఉంచినచో దాని చురుకుతనము ఎన్నో రెట్లు పెరుగునని చూపెను. 1880 సెప్టెంబరులో అమెరికాలో హెన్రీ డ్రేపర్ ఇట్టి పొడిపలకను దూరదర్శినికి అమర్చి, 51 నిమిషములు వెలుతురు సోకించి, మృగవ్యాధ రాశిలోని నీహారికను చిత్రించెను. తడి పలక అయినచో అంతసేపటికి ఆరిపోయి ఉండెడిది.

వెచ్చదనమువలన పలక చురుకు ఏల పెరిగెను? జెలటిన్‌లో వెండి బ్రోమైడు చిన్న చిన్న స్ఫటికములుగా ఉండును. వెచ్చగా ఉంచినప్పుడు చిన్న స్ఫటికములు కరిగి పెద్ద స్ఫటికములకు చేరును. పెద్ద స్ఫటికము ఎక్కువ వైశాల్యము గలది, కనుక ఎక్కువ కాంతిని పట్టును. స్ఫటికములో కొలది అణువుల వెండి ఏర్పడినచో చాలును, కడుగునప్పుడు ఆ స్ఫటికమంతయు నల్లని వెండిగా మారిపోవును. కావున స్ఫటికము ఎంత పెద్దదైన అంత తక్కువ వెలుతురుతో అంత పెద్ద నల్లని మచ్చ ఏర్పడును. కాని చిత్రమును పెద్దదిగా చేసినప్పుడు ఆ మచ్చలే గరుకుగా కంటికి కనిపించును. చురుకుతనమునకు గరుకుతనమే వెల. ఈ బేరము ఛాయాగ్రహణముతోపాటే పుట్టినది. నేటికిని వేరొక రూపమున సాగుచున్నది.

కొలబద్ద కొరకు అన్వేషణ

పలకలు అంగడిలో అమ్ముడుపోవు కాలము వచ్చుసరికి ఒక చిక్కు ఏర్పడెను. ప్రతి వర్తకుడును తన పలకయే మిక్కిలి చురుకైనదని చెప్పుకొనెడివాడు. ఎంత చురుకు? దేనితో పోల్చి? చెప్పుటకు కొలబద్ద లేదు. కొన్నవాడు ఒకటి రెండు పలకలు పాడుచేసికొని తెలిసికొనవలసినదే.

ఈ చిక్కును శాస్త్రీయముగా విప్పినవారు ఇద్దరు మిత్రులు. ఫెర్డినాండ్ హర్టర్ స్విట్జర్లండు దేశీయుడైన రసాయన శాస్త్రజ్ఞుడు. వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ ఆంగ్లేయుడైన ఇంజనీరు. ఇద్దరును ఇంగ్లండులోని విడ్నెస్ పట్టణమున క్షార పరిశ్రమలో పనిచేయుచుండిరి. ఛాయాగ్రహణము వారికి విరామకాలపు వ్యాసంగము మాత్రమే. వారు పలకలోని వేరు వేరు భాగములకు క్రమముగా రెట్టింపగుచున్న వెలుతురును సోకించి, కడిగిన పిమ్మట ఒక్కొక్క భాగము ఎంత నలుపెక్కినదో కొలిచిరి. ఆ ఫలితములను 1890లో ప్రకటించిరి.

వారు గీచిన రేఖ నేటికిని పాఠ్యగ్రంథములలో ఉన్నది. అడ్డగీతపై వెలుతురు యొక్క సంవర్గమానమును, నిలువుగీతపై నలుపును గుర్తించినచో సాగదీసిన ఎస్ అక్షరము వంటి వక్రరేఖ వచ్చును. అడుగున పాదము, నడుమ వాలుగా పోవు సరళభాగము, పైన భుజము. పాదమున వెలుతురు చాలదు, వివరములు అణగిపోవును. భుజమున వెలుతురు అతిగా ఉండును, తెల్లని వస్తువులు ఒకదానితో నొకటి కలిసిపోవును. నడిమి భాగమున మాత్రమే వస్తువులోని వెలుగునీడల నిష్పత్తి చిత్రములో నిలుచును. ఈ సరళభాగము ఎంత తక్కువ వెలుతురు వద్ద మొదలగునో దానినిబట్టి పలక చురుకును అంకెలలో చెప్పవచ్చునని వారు చూపిరి.

ఆ కాలముననే ఖగోళ శాస్త్రజ్ఞులకు కూడ ఇట్టి కొలత అవసరమయ్యెను. 1887లో పారిస్ నగరమున కూడిన సభలో ఆకాశమునంతటిని ఫోటో పలకలపై నమోదు చేయవలెనని నిశ్చయించి, వేరు వేరు దేశముల వేధశాలలకు భాగములు పంచిరి. తరువాతి కాలమున హైదరాబాదులోని నిజామియా వేధశాల కూడ ఇందులో పాలుగొని, తనకు వచ్చిన ఆకాశభాగమును పలకలపై చిత్రించెను. ఖండాంతరములలో వేరు వేరు చేతులతో తీసిన పలకలను పోల్చవలెనన్నచో, ఏ పలక ఎంతటి మసక నక్షత్రమును పట్టగలదో తెలియవలెను గదా! జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాలకు చెందిన జూలియస్ షైనర్ 1894లో పలకల చురుకును కొలుచు ఒక పద్ధతిని రూపొందించెను. అతని అంశలు కొంతకాలము ఐరోపాలో వాడుకలో ఉండెను.

ఒప్పందముచే మారిన అంకె

1934లో జర్మనీ ప్రమాణముల సంస్థ డిన్ అను పేరుతో ఒక కొలబద్దను ప్రకటించెను. ఇందులో అంకె 3 పెరిగినచో చురుకు రెట్టింపైనట్లు లెక్క. అమెరికాలో కోడాక్ సంస్థ పరిశోధకుడైన లాయిడ్ జోన్స్ మరియొక మార్గమున ఆలోచించెను. ఫిల్ముపై నలుపును కొలిచినంత మాత్రమున చాలదు, చివరకు కాగితముపై వచ్చు చిత్రము చూపరులకు బాగున్నదా లేదా అనునదే అసలు పరీక్ష యని అతడు తలచెను. ఎన్నో చిత్రములను పలువురకు చూపి, వారు మెచ్చిన చిత్రములకు ఎంత వెలుతురు అవసరమైనదో లెక్కగట్టెను. ఈ కృషి ఆధారముగ 1943లో అమెరికా ప్రమాణముల సంఘము ఎ.ఎస్.ఎ. అంకెలను ప్రకటించెను. వీనిలో చురుకు రెట్టింపైనచో అంకెయు రెట్టింపగును: 50, 100, 200, 400.

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకొనదగిన సంఘటన ఒకటి కలదు. 1943 నాటి లెక్కలో కొంత జాగ్రత్త చేర్చబడి ఉండెను. వెలుతురు కొలుచుటలో పొరపాటు జరిగినను చిత్రము నల్లబడకుండుటకై, కావలసిన దానికంటె హెచ్చు వెలుతురు ఇచ్చునట్లు అంకెను తగ్గించి వ్రాసిరి. వెలుతురు మీటర్లు మెరుగుపడిన తరువాత ఆ జాగ్రత్త అక్కరలేదని 1960లో ప్రమాణమును సవరించిరి. దానితో నలుపు తెలుపు ఫిల్ముల అంకెలు దాదాపు రెట్టింపైనవి. 1954లో వెలువడిన ట్రై-ఎక్స్ ఫిల్ము అంతవరకు 200, ఆపైన 400. డబ్బాలోని ఫిల్ము మారలేదు, అందలి వెండి రేణువులు మారలేదు. మారినది మనుష్యుల ఒప్పందము మాత్రమే. అంకె వేరు, అంకె సూచించు వస్తువు వేరు అనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

1947లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రమాణముల సంస్థయే ఐ.ఎస్.ఓ. అది ఎ.ఎస్.ఎ., డిన్ అంకెలను ఒకచోట చేర్చి, 1974లో నలుపు తెలుపు ఫిల్ములకును, తరువాత రంగుల ఫిల్ములకును ఉమ్మడి ప్రమాణములను ప్రకటించెను. అప్పటినుండి ఫిల్ము డబ్బాపై 100/21°, 400/27° అని రెండు అంకెలను కలిపి ముద్రించసాగిరి. నేటి కెమేరాలోని అంకె మొదటి దానికి వారసురాలు.

కాంతికణముల లెక్క

ఫిల్ము గరుకుతనమునకు వెండి రేణువులు కారణమని తెలిసినది. నేటి కెమేరాలో వెండి లేదు గదా, మరి ఆ చుక్కలు ఎక్కడివి? దీనికి జవాబు కాంతి స్వభావములోనే కలదు.

1905లో ఐన్‌స్టైన్ కాంతి విడి విడి శక్తికణములుగా ఇతర పదార్థములతో వ్యవహరించునని ప్రతిపాదించెను. తరువాత ఆ కణములకు ఫోటాన్లు అను పేరు వచ్చెను. ఫోటాన్లు సైనికుల వలె వరుస దీరి రావు. వానచినుకుల వలె వచ్చును. సన్నని జల్లు కురియుచున్నప్పుడు పెరటిలో ఒకే విధమైన వంద గిన్నెలను ఒక్క నిమిషము ఉంచి, ఒక్కొక్క గిన్నెలో పడిన చినుకులను లెక్కించితిమనుకొందము. ఒకదానిలో 9, మరొకదానిలో 13, ఇంకొకదానిలో 7 ఉండును. వాన అంతటను సమముగా కురిసినను లెక్క సమముగా ఉండదు. ఇది గిన్నెల లోపము కాదు, చినుకుల స్వభావము.

ఈ హెచ్చుతగ్గులకు ఒక నియమము కలదు. దీనికి ఆధారమైన గణితమును ఫ్రెంచి గణితజ్ఞుడు ప్వాసోఁ 1837లో ప్రకటించెను. సగటున 100 చినుకులు పడుచోట హెచ్చుతగ్గు దాదాపు 100 యొక్క వర్గమూలము, అనగా 10. సగటున 10,000 పడుచోట హెచ్చుతగ్గు 100. పైకి చూచుటకు 100 పెద్దదే. కాని మొత్తముతో పోల్చినచో మొదటి దానిలో నూటికి 10 వంతులు, రెండవదానిలో నూటికి ఒక వంతు మాత్రమే. రాశి పెరిగినకొలది హెచ్చుతగ్గు కంటికి ఆనదు.

1918లో జర్మన్ శాస్త్రజ్ఞుడు షాట్కీ శూన్యనాళములలోని విద్యుత్ప్రవాహమున ఇట్టి హెచ్చుతగ్గులను వివరించెను. ఎలక్ట్రాన్లు చిన్న సీసపు గుండ్ల వలె ఒక్కొక్కటిగా వచ్చి తగులుటచే వినబడు రొద అది. రేడియో ఇంజనీర్ల ఈ మాటయే తరువాత చిత్రములకు కూడ అంటుకొనెను. చిత్రములోని చుక్కలను వారు రొద అనియే పిలుతురు. 1948లో అమెరికాలో ఆల్బర్ట్ రోజ్ అను శాస్త్రజ్ఞుడు కంటిని, ఫిల్మును, టెలివిజను నాళమును ఒకే త్రాసులో తూచెను. ఏ సాధనమైనను పట్టుకొనగలిగిన ఫోటాన్ల సంఖ్యయే చిత్రము నాణ్యతకు పై హద్దు అని చూపెను. ఒక చిన్న వివరము నమ్మకముగ కనబడవలెనన్నచో దాని సంకేతము రొదకు దాదాపు 5 రెట్లు ఉండవలెనని ఆయన చెప్పిన నియమము నేటికిని వాడుకలో ఉన్నది.

ఫిల్ము పోయి సిలికాన్ వచ్చుట

1969లో బెల్ ప్రయోగశాలలలో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనువారు సి.సి.డి. అను సిలికాన్ సాధనమును రూపొందించిరి. వీరికి 2009లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. సిలికాన్‌పై ఫోటాన్ పడినప్పుడు ఎలక్ట్రాన్ ఒకటి విడివడును. సాధనముపై గళ్ళు గళ్ళుగా నున్న చిన్న కూపములలో ఆ ఎలక్ట్రాన్లు పోగగును. వానిని వరుసగా తోడి లెక్కించినచో చిత్రమగును. 1975లో కోడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ ఇట్టి సాధనముతో తొలి డిజిటల్ కెమేరాలలో నొకదానిని నిర్మించెను. అందలి గళ్ళు అడ్డమునకు 100, నిలువునకు 100. నలుపు తెలుపు చిత్రము ఒకటి క్యాసెట్టు టేపుపై నమోదగుటకు 23 సెకన్లు పట్టెను.

ఫిల్ము తనపై పడిన నూరు ఫోటాన్లలో ఒకటి రెండింటికి సరిపడు సమాచారమును మాత్రమే నిలుపుకొనగలదు. నేటి సిలికాన్ సాధనము సగమునకు పైగా పట్టగలదు. ఇది గొప్ప లాభము. కాని ఒక విషయము గమనింపవలెను. ఫిల్ము మార్చినచో పదార్థమే మారెడిది. 100 ఫిల్ము తీసి 400 ఫిల్ము పెట్టినప్పుడు పెద్ద రేణువులు గల వేరొక పొర వచ్చి కూర్చొనెడిది. డిజిటల్ కెమేరాలో సాధనము ఒక్కటే. దానిని తీసి మరొకటి పెట్టుట లేదు. మరి అంకె మార్చినప్పుడు మారునదేమి?

అంకె పెంచినప్పుడు జరుగునది

కూపములలోని ఎలక్ట్రాన్లు స్వల్పమైన విద్యుత్ సంకేతమునిచ్చును. దానిని వర్ధకము పెంచును. పిమ్మట అది అంకెలుగా మార్చబడును. ఐ.ఎస్.ఓ. 100 నుండి 200కు మార్చినప్పుడు సాధారణముగ ఈ వర్ధనము రెట్టింపగును. సాధనము చురుకు ఏమియు పెరుగదు. ఫోటాన్ ఒక్కటియు అదనముగా రాదు. దూరమున మెల్లగా మాటలాడువాని గొంతును లౌడుస్పీకరులో హెచ్చించుట వంటిది ఇది. గొంతు పెరుగును, దానితోపాటు గాలి రొదయు పెరుగును.

1998లో ఐ.ఎస్.ఓ. సంస్థ డిజిటల్ కెమేరాలకై 12232వ ప్రమాణమును ప్రకటించి, తరువాత సవరించెను. అందలి ఒక నిర్వచనము ప్రకారము, చిత్రమున నడిమి వెలుగు గల భాగమునకు సాధనముపై చేరు వెలుతురు, లక్స్-సెకన్లలో, 10ని ఐ.ఎస్.ఓ. అంకెచే భాగించినంత. దీనితో ఒక లెక్క కట్టుదము. సాధనములోని గడి ఒక ప్రక్క 4 మైక్రాన్లు అనుకొందము. అనగా మిల్లీమీటరులో 250వ వంతు. ఆకుపచ్చని వెలుతురు తీసికొన్నచో, ఐ.ఎస్.ఓ. 100 వద్ద ఆ గడిపై పడు ఫోటాన్లు దాదాపు 6,400. ఐ.ఎస్.ఓ. 6400 వద్ద దాదాపు 100. మొదటి దానిలో హెచ్చుతగ్గు 80, అనగా నూటికి ఒకటింపావు. రెండవదానిలో హెచ్చుతగ్గు 10, అనగా నూటికి పది. వర్ధకము రెండింటిని ఒకే వెలుగునకు తెచ్చును. కాని నూటికి పది వంతుల హెచ్చుతగ్గు నూటికి పది వంతులుగనే నిలుచును. చొక్కాపై ఇసుక చల్లినట్లు కనిపించునది ఇదే. కెమేరా ఎంత గొప్పదైనను ఈ రొదను పుట్టకుండ ఆపలేదు. ఇది వెలుతురుతోనే వచ్చినది.

దీనికి తోడు కెమేరా స్వయముగ కలుపు రొదలు కొన్ని కలవు. ఏ వాహకములోనైనను వేడిమిచే ఎలక్ట్రాన్లు అల్లాడుచుండును. 1928లో జాన్సన్ దీనిని కొలువగా, నైక్విస్ట్ దానికి సిద్ధాంతము చెప్పెను. సంకేతమును తోడునప్పుడు వర్ధకము కొంత రొద చేర్చును. సాధనము వేడెక్కినచో వెలుతురు లేకున్నను కొన్ని ఎలక్ట్రాన్లు కూపములలో చేరును. కావుననే ఖగోళ శాస్త్రజ్ఞులు తమ సాధనములను మిక్కిలి చల్లగా ఉంచుదురు. సంకేతము పెద్దదైనప్పుడు ఈ చిన్న రొదలు మరుగుపడును. నీడలలో అవే పైకి తేలును. నల్లని తెరపై చుక్కలు హెచ్చుగా కనిపించుటకు కారణమిదియే.

అంకె పెంచుటవలన నిజముగా కలుగు నష్టము వేరొకటి కలదు. ఒక కూపమున 60,000 ఎలక్ట్రాన్లు పట్టుననుకొందము. ఐ.ఎస్.ఓ. 100 వద్ద కూపము నిండువరకు లెక్కించవచ్చును. 6400 వద్ద సంకేతము 64 రెట్లు పెంచబడుటచే దాదాపు 940 ఎలక్ట్రాన్లకే పై హద్దు తగులును. అంతకు మించిన వెలుగు అంతయు తెల్లని మచ్చగా మారును. వేదికపైని దీపము, దాని ప్రక్కనున్న ముఖము రెండును వెలవెలబోవుటకు ఇది కారణము. హర్టర్, డ్రిఫీల్డుల రేఖలోని భుజము ఇక్కడ మెత్తగా వంగక, గోడ వలె నిలిచిపోవును.

రొదను తగ్గించినవారు

గత అయిదు దశాబ్దములలో ఇంజనీర్లు చేసిన కృషి యంతయు వెలుతురును పుట్టించుటకు కాదు, వచ్చినదానిని వృథాపోనీయకుండుటకే. 1974లో మార్విన్ వైట్, ఆయన సహచరులు ప్రతి గడిని రెండుసార్లు, అనగా సంకేతము రాకముందు ఒకసారి, వచ్చిన తరువాత ఒకసారి కొలిచి, మొదటి దానిని రెండవదానిలోనుండి తీసివేయు ఉపాయము చెప్పిరి. పచారి కొట్టులో ఖాళీ డబ్బాను ముందు తూచి, పిమ్మట నూనెతో తూచుట వంటిదే ఇది. 1980లో జపానులో తెరానిషి వెలుతురు పట్టు డయోడు నిర్మాణమును మార్చి, ఎలక్ట్రాన్లు వెనుకబడి పోకుండునట్లును, చీకటి ప్రవాహము తగ్గునట్లును చేసెను. 1990 దశకమున అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో ఎరిక్ ఫాసమ్ బృందము ప్రతి గడిలోను ఒక చిన్న వర్ధకమును అమర్చు సీమాస్ సాధనమును అభివృద్ధి చేసెను. నేడు ఫోనులలో నున్నవి ఇట్టివే. ఆ పిమ్మట తీగలను గడుల వెనుకకు మార్చి, వెలుతురునకు దారి విడిచిరి.

దీని ఫలితము అంకెలలో కనిపించును. 1988లో వచ్చిన 3200 ఫిల్ము చీకటిలో పనిచేయు విలేఖరులకు ఒక వింత. 2007లో వచ్చిన నైకాన్ డి3 కెమేరా సాధారణముగనే 6400 వరకు, అవసరమైనచో 25,600 వరకు పనిచేసెను. 2016లో అదే సంస్థ వారి డి5 కెమేరాపై కనిపించిన గరిష్ఠపు అంకె 32,80,000. ఈ చివరి అంకె వద్ద చిత్రము ఏదో గుర్తుపట్టుటకు మాత్రమే పనికివచ్చును. ఒక్కొక్క గడికి ఒక ఫోటాన్ అయినను సరిగా చేరనిచోట ఏ వర్ధకము ఏమి చేయగలదు?

నునుపు చేయుటలోని ప్రమాదము

ఫోనులు, కెమేరాలు నేడు చుక్కలను తామే తుడిచివేయుచున్నవి. ఇందుకు రెండు మార్గములు కలవు. మొదటిది, ఒకే దృశ్యమును పలుమారులు తీసి సగటు చూచుట. 16 చిత్రములను కలిపినచో రొద నాలుగవ వంతునకు తగ్గును. ఇది న్యాయమైన మార్గము, నిజముగా ఎక్కువ ఫోటాన్లను కూర్చుటయే. అయితే వస్తువు కదలకుండవలెను. రెండవది, ప్రక్క ప్రక్క గడులను కలిపి నునుపు చేయుట. ఇందులో చుక్కలతోపాటు నిజమైన వివరములును పోవును. చీర నేతలోని గళ్ళు, ముఖముపైని చిన్న పుట్టుమచ్చ, దూరపు బోర్డుపైని అక్షరము రొదతో కలిసి తుడిచిపెట్టుకొని పోవును. మరికొన్ని పద్ధతులు అనేక చిత్రముల అనుభవమునుబట్టి ఇక్కడ ఇట్లుండవచ్చునని ఊహించి, లేనిదానిని పూరించును.

పెండ్లి ఫోటోలో ఇది పెద్ద తప్పు కాకపోవచ్చును. కాని దొంగతనము విచారణలో వాహనపు అంకెను చదువవలసినప్పుడు, చర్మముపైని మచ్చను వైద్యుడు చూడవలసినప్పుడు, మసక నక్షత్రము నిజముగా ఉన్నదా లేదా అని తేల్చవలసినప్పుడు నునుపైన చిత్రము కంటె గరుకైన చిత్రమే నిజాయితీ గలది. గరుకుతనము, ఇంతవరకే నాకు తెలియును అని చెప్పుచున్నది. నునుపుతనము తెలియనిదానిని కూడ తెలిసినట్లు చూపుచున్నది.

తరగతిలో చేయదగిన పరీక్షలు

ఉపాధ్యాయులు ఈ విషయమును ఖర్చు లేకుండ చూపవచ్చును. ఒక తెల్లకాగితముపై పది వరుసలు, పది నిలువులు గల 100 గళ్ళు గీయవలెను. 100 నువ్వుగింజలను లెక్కించి, పైనుండి చల్లవలెను. గడికి సగటు ఒకటి. అయినను నూటిలో దాదాపు 37 గళ్ళు ఖాళీగా ఉండును. కొన్నింటిలో మూడు నాలుగు గింజలు పడును. గింజలు కాగితముపైననే, సమముగా పడునట్లు చల్లుట ముఖ్యము. తరువాత 2,500 గింజలు చల్లినచో గడికి సగటు 25, హెచ్చుతగ్గు దాదాపు 5. కాగితమును దూరమునుండి చూచినచో రెండవది ఎంత నునుపుగా కనిపించునో విద్యార్థులకే తెలియును.

కెమేరా ఉన్నచోట రెండవ పరీక్ష చేయవచ్చును. దానిని కదలకుండ నిలిపి, కటకపు రంధ్రమును, మూత తెరచు కాలమును మార్చక, కెమేరా ముడి రూపమున చిత్రము నిలుపు సదుపాయముతో, ఒకే వస్తువును ఐ.ఎస్.ఓ. 200 వద్ద ఒకసారి, 3200 వద్ద ఒకసారి తీయవలెను. రెండింటిలోను పడిన వెలుతురు ఒక్కటే. మొదటిది చీకటిగా వచ్చును. దానిని కంప్యూటరులో 16 రెట్లు వెలిగించి రెండవదానితో పోల్చవలెను. చుక్కలు రెండింటిలోను దాదాపు సమముగా ఉండును. కొన్ని కెమేరాలలో 3200 చిత్రమే కొంచెము మేలుగా కూడ ఉండును. ఏలయనగా ముందుగనే వర్ధనము చేసినచో, సంకేతమును అంకెలుగా మార్చునప్పుడు కలియు రొద దాని ముందు చిన్నదగును. అంకెయే దోషియైనచో ఇట్లు జరుగదు గదా!

కావున చీకటిలో ఫోటో తీయు విద్యార్థి మొదట ఐ.ఎస్.ఓ.ను తగ్గించుటను గాక, వెలుతురును పెంచుటను ఆలోచింపవలెను. కిటికీ తెరువవచ్చును, దీపమును దగ్గరకు తేవచ్చును, కెమేరాను బల్లపై ఆనించి ఎక్కువసేపు మూత తెరచి ఉంచవచ్చును, కటకపు రంధ్రమును వెడల్పు చేయవచ్చును. ఇవి ఏవియు వీలుకానప్పుడు అంకెను నిర్భయముగా పెంచవలెను. పరుగెత్తు పిల్లవానిని అలికిపోయిన మరకగా తీయుటకంటె గరుకుగా తీయుట మేలు. వెలవెలబోవు దీపములను మాత్రము కనిపెట్టుకొని ఉండవలెను.

గుంటూరులో తడి పలకలతో నిలిచిన వారికిని, నేడు ఫోను చేతబట్టిన విద్యార్థికిని పరికరములు వేరు, సమస్య ఒక్కటే. వచ్చిన వెలుతురు ఎంత, దానిలో పట్టుకొన్నది ఎంత అను రెండు ప్రశ్నలకు జవాబు చెప్పిన పిమ్మటనే మూడవదైన అంకెను గూర్చి మాటలాడవలెను.